అవ్వా కావాలి, బువ్వా కావాలి: యూరోపియన్ యూనియన్‌తో బ్రిటన్ బేరంపై తరచుగా అడిగే ప్రశ్నలు

యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి వెళ్లాలా అన్న బ్రెగ్జిట్ ఓటింగ్ 2016లో ముగిసింది, బేరం మాత్రం ఇంకా తెగలేదు. ఒకసారి చేపల మీద, ఇంకోసారి పరిశోధన నిధుల మీద, మరోసారి విద్యార్థుల మీద ఏదో ఒక పంచాయితీ నడుస్తూనే ఉంటుంది. వార్తల్లో ముక్కలు ముక్కలుగా వచ్చే ఈ సంగతులన్నింటి వెనకా ఒకటే ప్రశ్న ఉంది. సభ్యులకు దక్కే సౌకర్యాలు కావాలి, సభ్యులు మోసే బరువు వద్దు అంటే కుదురుతుందా?

సభ్యత్వం వల్ల ఒరిగేది ఏమిటి? మోయాల్సింది ఏమిటి?

అన్నిటికంటే పెద్ద లాభం ఉమ్మడి మార్కెట్. బ్రిటన్ సభ్యదేశంగా ఉన్నప్పుడు బర్మింగ్‌హామ్‌లో తయారైన కారు విడిభాగం జర్మనీ వెళ్లాలంటే సుంకం ఉండేది కాదు, సరిహద్దులో కాగితాల పని ఉండేది కాదు, అక్కడికి చేరాక మళ్లీ పరీక్షలు ఉండేవి కావు. లండన్ బ్యాంకు ఒక్క లైసెన్సుతో సభ్యదేశాలన్నింటిలో వ్యాపారం చేసుకోగలిగేది. పౌరులు వీసా ఊసు లేకుండా ఏ దేశంలోనైనా ఉండొచ్చు, ఉద్యోగం చేయొచ్చు. ఇవి కాక పరిశోధన నిధులు, విద్యార్థుల మార్పిడి, పోలీసుల ఉమ్మడి సమాచారం ఉన్నాయి.

బరువు సంగతికొస్తే, ఏటా బడ్జెట్‌కు డబ్బు కట్టాలి. మిగతా దేశాల పౌరులు వచ్చి ఉద్యోగాలు చేసుకుంటామంటే కాదనకూడదు. ఉమ్మడి చట్టాలను పాటించాలి, వివాదం వస్తే లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం మాటే చివరి మాట. అమెరికాతోనో ఇండియాతోనో సొంతంగా వాణిజ్య ఒప్పందం కుదుర్చుకునే వీలుండదు, ఆ పని ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ చేస్తుంది.

బ్రిటన్ లోపల ఉన్నప్పుడు ఈ బరువంతా మోసిందా?

లేదు. అసలు తమాషా ఇక్కడే ఉంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963లో, 1967లో రెండుసార్లు తలుపు మూస్తే, 1973 జనవరి 1న బ్రిటన్ ఎట్టకేలకు లోపలికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కో బరువూ దించుకుంటూనే పోయింది. 1984లో ఫాంటెన్‌బ్లో సమావేశంలో ప్రధాని మార్గరెట్ థాచర్ పట్టుబట్టి, బ్రిటన్ నికరంగా కట్టే సొమ్ములో దాదాపు మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేలా ఒప్పించారు. యూరో కరెన్సీ తీసుకోనవసరం లేదని, ఆ యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలోనే రాయించుకున్నారు. సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్‌లో చేరలేదు. పోలీసు, న్యాయ వ్యవహారాల్లో నచ్చినవి ఎంచుకునే హక్కు కూడా సంపాదించారు.

అన్నేసి మినహాయింపులు పొందిన సభ్యదేశం ఇంకొకటి లేదు. పైగా ఓటు చేతిలోనే ఉంది, చట్టాలు రాసే బల్ల దగ్గర కుర్చీ ఉంది. అవ్వా బువ్వా రెండూ దొరికిన కాలం ఏదైనా ఉందంటే అదే. దాన్ని 2016 జూన్ 23న 51.9 శాతం మంది వద్దన్నారు. ‘లోపల ఉన్నప్పుడు మినహాయింపులు అడిగారు, బయటికి వెళ్తూ ప్రవేశాలు అడుగుతున్నారు’ అన్న అర్థంలో అప్పటి లక్సెంబర్గ్ ప్రధాని జేవియర్ బెటెల్ వేసిన చురక ఊరికే వేసింది కాదు.

అయితే జనం ఎందుకు వద్దన్నారు?

వలసలు, సార్వభౌమత్వం, డబ్బు. ఈ మూడింటి చుట్టూనే ప్రచారం తిరిగింది. వారానికి 35 కోట్ల పౌండ్లు బ్రస్సెల్స్‌కు పోతున్నాయని ఎర్ర బస్సు మీద రాసి ఊళ్లన్నీ తిప్పారు. థాచర్ సాధించిన తగ్గింపును అందులోంచి తీసేయలేదు, కాబట్టి ఆ అంకె తప్పు. బ్రిటన్ గణాంకాల ప్రాధికార సంస్థే ఆ లెక్కను తప్పుబట్టింది. కానీ బస్సు మీద రాసింది జనం మనసులో నిలిచిపోయాక ఖండన ఎవరు చదువుతారు?

వెళ్లిపోవాలన్న వాళ్లందరూ మోసపోయారనడం మాత్రం నాకు నచ్చదు. తమ చట్టాలు తమ పార్లమెంటే చేయాలని కోరుకోవడం న్యాయమైన కోరిక. ఆ కోరికకు ధర ఏమీ ఉండదని నాయకులు చెప్పడంలో ఉంది తప్పు.

ధర లేదని నిజంగానే నమ్మారా?

2016 నవంబరులో, బ్రిటన్ ప్రధాని నివాసం ఉన్న డౌనింగ్ వీధిలో జరిగిన ఒక సంఘటన చూడండి. అధికార పార్టీ ఎంపీ సహాయకురాలు ఒకరు సమావేశం ముగించుకుని నోట్‌బుక్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు. చేతిరాత ఉన్న పేజీ బయటికే తిరిగి ఉంది. రోడ్డు అవతలి నుంచి ఫొటోగ్రాఫర్ దాన్ని స్పష్టంగా తీశాడు. ఏ పద్ధతిలో వెళ్లాలి అన్న ప్రశ్న, దాని పక్కనే కేకు దాచుకోవాలి, తినాలి కూడా అన్న జవాబు మర్నాటికి పత్రికల్లో వచ్చేశాయి. మన అవ్వా బువ్వా సామెతకు ఇంగ్లిష్ రూపం ఈ కేకు మాట. అది ప్రభుత్వ విధానం కాదని మంత్రులు సర్దిచెప్పుకున్నారు. కానీ అంతకు ముందే విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ అదే మాట బాహాటంగా అన్నారు.

అవతలి పక్క నుంచి యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్ అదే కేకును ఆయుధంగా వాడుకున్నారు. 2018 సెప్టెంబరులో సాల్జ్‌బర్గ్ సమావేశంలో ప్రధాని థెరెసా మేకి కేకు అందిస్తున్న ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, చెర్రీలు మాత్రం లేవని రాశారు. ఇంగ్లిష్‌లో చెర్రీలు ఏరుకోవడం అంటే నచ్చినవి మాత్రమే ఏరుకోవడం. దౌత్యానికి తగిన పని కాదని అప్పుడే అనిపించింది. జోకు మాత్రం సూటిగా తగిలింది.

ఈయూ ఎందుకు ఒప్పుకోలేదు? కొంచెం సడలిస్తే పోయేది ఏముంది?

2017 డిసెంబరులో ఈయూ తరఫు బేరగాడు మిషెల్ బార్నియే సభ్యదేశాల నాయకులకు ఒక్క బొమ్మ చూపించారు. అందులో మెట్లు ఉంటాయి. పై మెట్టు మీద సభ్యత్వం. ఒక్కో మెట్టు దిగుతూ నార్వే, స్విట్జర్లాండ్, ఉక్రెయిన్, టర్కీ జెండాలు. అట్టడుగున కెనడా, దక్షిణ కొరియా. ప్రతి మెట్టు దగ్గరా బ్రిటన్ తనకు తానే గీసుకున్న ఎర్ర గీత, అంటే ఇది దాటం అన్న హద్దు, ఒకటి రాసి ఉంటుంది. విదేశీ కార్మికుల రాక వద్దు, డబ్బు కట్టం అంటే నార్వే మెట్టు పోయింది. న్యాయస్థానం వద్దంటే ఉక్రెయిన్ మెట్టు పోయింది. సొంత వాణిజ్య ఒప్పందాలు కావాలంటే టర్కీ మెట్టు పోయింది. అలా దిగుతూ దిగుతూ చివరికి మామూలు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం దగ్గర ఆగాలి.

ఆ మెట్ల బొమ్మలో తిట్టు లేదు, కోపం లేదు. మీరు కోరినదే ఇస్తున్నాం అన్నట్టుంటుంది. 2020 డిసెంబరు 24న కుదిరిన ఒప్పందం సరిగ్గా ఆ కింది మెట్టు మీదే కూర్చుంది.

ఇక సడలింపు మాట. బయటికి పోయినవాడికి లోపలివాడికంటే మంచి బేరం దొరికితే, లోపల ఉన్నవాళ్లు మేమెందుకు కడుతున్నాం అని అడగరా? ఫ్రాన్స్‌లో, ఇటలీలో, నెదర్లాండ్స్‌లో అలా అడగడానికి పార్టీలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. బ్రిటన్ మీద పగకంటే ఈ భయమే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషులు: ఈ నాలుగు స్వేచ్ఛలూ విడదీయరానివని ఈయూ అంటుంది. నిజమేనా?

పూర్తిగా నిజం కాదు. టర్కీతో 1995 చివరి నుంచి ఉన్న కస్టమ్స్ యూనియన్ ప్రధానంగా పారిశ్రామిక సరుకులకే. అందులో మనుషుల రాకపోకలు లేవు. ఉక్రెయిన్‌కు ఇచ్చిన ఒప్పందంలో మార్కెట్లో కొంత భాగం తెరిచారు, ఉద్యోగాలకు మాత్రం స్వేచ్ఛగా రమ్మనలేదు. ఉత్తర ఐర్లాండ్‌కు సరుకుల వరకే ఉమ్మడి మార్కెట్ ఇచ్చారు. కాబట్టి విడదీయడం చేతకాక కాదు, అవసరం అనుకున్నప్పుడు విడదీస్తారు. బ్రిటన్ పక్కనే ఉన్న పెద్ద ఆర్థిక వ్యవస్థ, గట్టి పోటీదారు కూడా. అందుకే దానికి విడదీసి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారు. అది రాజకీయ నిర్ణయం, దాన్ని ప్రకృతి ధర్మంలా చెప్పడం అతి.

నార్వే బయట ఉండే అన్నీ అనుభవిస్తోంది కదా?

అనుభవిస్తోంది, డబ్బు కట్టి మరీ. నార్వే ప్రజలు 1972లో, 1994లో రెండుసార్లు సభ్యత్వం వద్దన్నారు. అయినా 1994 నుంచి యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో ఉంది, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టీన్ కూడా అందులో ఉన్నాయి. చేపలు, వ్యవసాయం తన చేతిలోనే ఉంచుకుంది. మిగతా ఉమ్మడి మార్కెట్ చట్టాలన్నీ పాటిస్తుంది, షెంగెన్‌లో ఉంది, ఈయూ పౌరులు అక్కడికి వచ్చి ఉద్యోగాలు చేసుకోవచ్చు. ఈయూలోని వెనకబడిన దేశాలకు గ్రాంట్లు ఇస్తుంది.

లేనిది ఓటు. చట్టం బ్రస్సెల్స్‌లో తయారవుతుంది, ఓస్లోకి వచ్చి చేరుతుంది. అభ్యంతరం చెప్పే హక్కు కాగితం మీద ఉంది కానీ, వాడితే ఆ రంగంలో మార్కెట్ మూసుకుపోవచ్చు. తపాలా సేవల ఆదేశం మీద 2011లో ఒకసారి ఆ హక్కు వాడతామన్నారు, 2013లో ప్రభుత్వం మారగానే వెనక్కి తగ్గారు. 2025 జనవరిలో ఈయూ విద్యుత్ ఆదేశాలను ఆమోదించాలా వద్దా అన్న తగాదాతో సంకీర్ణం నుంచి సెంటర్ పార్టీ తప్పుకుంది. తాము రాయని చట్టం కోసం తమ ప్రభుత్వం చీలిపోయిందన్నమాట. అదృష్టవశాత్తూ చమురు, గ్యాస్ డబ్బు ఉంది కాబట్టి నార్వే ఇదంతా ఓర్చుకోగలుగుతోంది.

స్విట్జర్లాండ్?

ఏరుకోవడంలో అసలైన ఆరితేరినవాళ్లు స్విస్ వాళ్లే. 1992 డిసెంబరు 6న 50.3 శాతం మంది ఆర్థిక ప్రాంతంలో చేరడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒక్కో విషయం మీద ఒక్కో ఒప్పందం చొప్పున కుదుర్చుకుంటూ వందకు పైగా పోగేశారు. బ్రిటన్‌లో చాలామందికి ఇదే కలల నమూనా.

అయితే 1999లో సంతకమైన మొదటి ఏడు ఒప్పందాలకు ఈయూ ఒక మెలిక పెట్టింది. ఒకటి తెగితే ఏడూ తెగుతాయి. దాన్ని గిలటిన్ నిబంధన అంటారు. 2014 ఫిబ్రవరి 9న వలసలకు కోటాలు పెట్టాలని స్విస్ ఓటర్లు మళ్లీ 50.3 శాతంతోనే తీర్పిచ్చారు. దాంతో కొత్తగా ఈయూలో చేరిన క్రొయేషియా పౌరులకు తలుపు తెరిచే ఒప్పందం మీద స్విస్ ప్రభుత్వం సంతకం పెట్టలేకపోయింది. వెంటనే ఈయూ పరిశోధన నిధుల మీద, ఎరాస్మస్ విద్యార్థి మార్పిడి మీద చర్చలు ఆపేసింది. కోటాల వల్ల ఎంతమంది రాకుండా పోయేవారో గానీ, దెబ్బ మొదట తగిలింది జ్యూరిక్, లౌసాన్ ప్రయోగశాలలకు. 2016 డిసెంబరులో స్విస్ పార్లమెంటు కోటాల మాట పక్కన పెట్టి, స్థానిక నిరుద్యోగులకు ముందు అవకాశం ఇవ్వాలన్న మెత్తటి చట్టంతో సరిపెట్టింది. క్రొయేషియా ఒప్పందం ఖరారైంది, నిధులు తిరిగొచ్చాయి.

కథ అక్కడితో ఆగలేదు. 2021 మేలో స్విస్ ప్రభుత్వం పెద్ద ఒప్పందం చర్చల నుంచి లేచి వచ్చేసింది, పరిశోధన నిధులు మళ్లీ ఆగాయి. 2024 డిసెంబరులో కొత్త ప్యాకేజీ మీద చర్చలు ముగిశాయి. దాని ప్రకారం 2030 నుంచి ఏటా 35 కోట్ల స్విస్ ఫ్రాంకులు కట్టాలి.

లోపలే ఉండి తప్పించుకునే దేశాలు లేవా?

ఎందుకు లేవు. స్వీడన్‌కు యూరో నుంచి అధికారిక మినహాయింపు లేదు. 2003లో జనం వద్దన్నారు కాబట్టి, చేరడానికి ముందు పూర్తిచేయాల్సిన ఒక మెట్టు ఎక్కకుండా నిశ్శబ్దంగా కూర్చుంది. ఎవరూ గట్టిగా అడగరు.

డెన్మార్క్ కథ వేరు. న్యాయ, పోలీసు విషయాల్లో మినహాయింపు తీసుకున్నాక, ఈయూ పోలీసు సహకార సంస్థ యూరోపోల్ స్వరూపం మారి అదే మినహాయింపు అడ్డొచ్చింది. 2015లో జనం దాన్ని సడలించడానికి ఒప్పుకోలేదు. 2017 మేలో డెన్మార్క్ యూరోపోల్ సభ్యత్వం పోగొట్టుకుని, ప్రత్యేక ఒప్పందంతో సరిపెట్టుకుంది. డేటాబేస్‌లో తమ పోలీసులు నేరుగా వెతికే వీలు పోయింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 జూన్ 1న రక్షణ మినహాయింపును మాత్రం దాదాపు 67 శాతం మంది వదులుకున్నారు. భయం పుడితే బరువు తేలికవుతుంది.

హంగరీ అందరికంటే మొండి. నిధులు తీసుకుంటూనే ఆశ్రయం కోరేవారి విషయంలో ఉమ్మడి చట్టాన్ని పక్కన పెట్టింది. 2024 జూన్‌లో న్యాయస్థానం 20 కోట్ల యూరోల జరిమానా, పాటించేదాకా రోజుకు 10 లక్షల యూరోలు అదనంగా విధించింది. సభ్యుణ్ని వెళ్లగొట్టే నిబంధన ఈయూకు లేదు. బయటివాడికి తలుపు మూయడం తేలిక, లోపలివాడి చేత మాట వినిపించడం కష్టం.

బయటికి పోయి బాగుపడ్డవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

గ్రీన్‌లాండ్. డెన్మార్క్‌తో పాటు చేరి, 1985లో విడిగా బయటికి వచ్చింది. తన సముద్రంలో ఈయూ పడవలు చేపలు పట్టుకోవడానికి అనుమతిచ్చి, బదులుగా డబ్బు, తన చేపలకు సుంకం లేని మార్కెట్ తీసుకుంది. అమ్మడానికి ఒక్కటే సరుకు, ఈయూకు అది కావాలి. బ్రిటన్‌కు ఆ సౌలభ్యం లేదు.

ఉత్తర ఐర్లాండ్ సంగతి ఎందుకంత చిక్కు?

అడకత్తెరలో పోకచెక్క అయింది కాబట్టి. ఐర్లాండ్ ఈయూలో ఉంది, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో ఉంది. 1998 శాంతి ఒప్పందం తర్వాత రెంటి మధ్యా తనిఖీ కేంద్రాలు లేవు, మళ్లీ పెట్టడానికి ఎవరూ సిద్ధంగా లేరు. కాబట్టి సరుకుల విషయంలో ఉత్తర ఐర్లాండ్‌ను ఈయూ నిబంధనల కింద ఉంచి, తనిఖీని ఐరిష్ సముద్రం మీదికి జరిపారు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులకు అది తమను బ్రిటన్ నుంచి విడగొట్టినట్టు తోచింది. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందంతో బ్రిటన్ లోపలే అమ్మే సరుకులకు తనిఖీ తగ్గించారు.

ఒప్పందం కుదిరిన మర్నాడు ప్రధాని రిషి సునాక్ లిస్బర్న్‌లోని ఒక ఫ్యాక్టరీకి వెళ్లి, బ్రిటన్ మార్కెట్, ఈయూ మార్కెట్ రెండూ అందుబాటులో ఉన్న మీది ప్రపంచంలోనే ప్రత్యేకమైన స్థానం అని కార్మికులతో మురిసిపోయారు. ఆయన బ్రెగ్జిట్‌కు ఓటేసిన ప్రధాని. ఆ ప్రత్యేక స్థానం 2020 దాకా దేశమంతటికీ ఉండేది కదా అని ప్రతిపక్షం గుర్తుచేయకుండా ఉంటుందా?

మామూలు మనుషులకు ఏం మారింది?

2021 జనవరిలో నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో డచ్ టీవీ తీసిన దృశ్యం ఒకటి ఉంది. ఫెర్రీ దిగిన డ్రైవర్ దగ్గర వెండి కాగితంలో చుట్టిన శాండ్‌విచ్‌లు. మాంసం ఉందా అని అధికారి అడిగాడు. ఉందన్నాడు. అయితే లోపలికి రానివ్వం అన్నాడు. మాంసం తీసుకుని బ్రెడ్డు ఉంచుకోనివ్వమని బతిమాలాడు డ్రైవర్. కుదరదు, బ్రెగ్జిట్‌కు స్వాగతం సార్, క్షమించండి అన్నాడు అధికారి నవ్వుతూ. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదన్నది ఈయూ పాత నిబంధనే, బ్రిటన్ సభ్యదేశంగా ఉన్న రోజుల నుంచీ ఉన్నదే.

దారి చూపే ఈయూ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో విషయంలోనూ ఇదే. బ్రిటన్‌లోని గిల్డ్‌ఫర్డ్ కంపెనీ ఆ ఉపగ్రహాల్లో పరికరాలు తయారుచేసింది. కానీ రహస్య సంకేతాల భాగం బయటి దేశాలకు ఇవ్వకూడదన్న నిబంధనకు బ్రిటన్ తానే లోపల ఉండగా ఒప్పుకుంది.

డబ్బు లెక్కల్లో చూస్తే, ఈయూలో ఉండి ఉంటే ఎంత ఉండేదో దానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ బడ్జెట్ అంచనాల కార్యాలయం లెక్కగట్టింది.

ఇప్పుడు మళ్లీ దగ్గరవుతున్నారు కదా. ఇది ఏరుకోవడం కాదా?

అవును, ఏరుకోవడమే. ఈసారి ధర చెల్లించి ఏరుకుంటున్నారు. పరిశోధన కార్యక్రమం హొరైజన్‌లో 2024 జనవరి నుంచి బ్రిటన్ మళ్లీ ఉంది, చందా కట్టి. 2025 మే 19న లండన్ సమావేశంలో ప్రధాని కియర్ స్టార్మర్ ఆహార తనిఖీలు తగ్గించుకునే ఒప్పందానికి దారి వేశారు. బదులుగా ఈయూ పడవలు బ్రిటన్ జలాల్లో 2038 దాకా చేపలు పట్టుకోవచ్చు. ఆహార విషయంలో ఈయూ నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి. ఎరాస్మస్‌లో 2027 నుంచి చేరుతున్నారు, దానికీ చందా ఉంది. ఈయూ రక్షణ రుణ పథకంలో చేరే బేరం మాత్రం 2025 నవంబరులో ప్రవేశ రుసుము దగ్గర తెగిపోయింది.

ఏరుకునేది బ్రిటన్ ఒక్కటే కాదని కూడా గమనించండి. చేపలు కావాలి, నిఘా సమాచారం కావాలి, సైన్యం తోడు కావాలి అని ఈయూ కూడా అడుగుతోంది. వేరు కాపురం పెట్టాక ఉమ్మడి బావి నీళ్లు ఇద్దరికీ కావాలి, తోడే వంతుల దగ్గరే తగాదా.

తిరిగి చేరితే పాత మినహాయింపులు ఇస్తారా?

హక్కుగా రావు. కొత్త దేశం లాగే దరఖాస్తు చేసుకోవాలి, సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. థాచర్ తెచ్చిన తగ్గింపు పోయినట్టే అనుకోవాలి. కొత్తగా చేరేవారు యూరో తీసుకుంటామని మాట ఇవ్వాలి. స్వీడన్ లాగా ఆ మాటను సాగదీయొచ్చనుకోండి.

తెలుగువాళ్లకు ఇందులో ఏముంది?

ఉద్యోగాల విషయంలో ఒక మేలు జరిగింది. 2021 జనవరి నుంచి పోలండ్ యువకుడైనా, గుంటూరు యువకుడైనా బ్రిటన్ వర్క్ వీసాకు ఒకే పాయింట్ల పద్ధతి. అదే ఏడాది జులైలో చదువు ముగిశాక రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మొదలైంది. 2027 జనవరి నుంచి చేసే దరఖాస్తులకు డిగ్రీ, పీజీ వాళ్లకు దాన్ని 18 నెలలకు కుదించారు. వలసలు తగ్గిస్తామని చెప్పి ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులోంచి ఎక్కువమంది వచ్చారన్న కోపం ఇప్పుడు ఈ వీసాల మీదికి మళ్లింది.

ప్రయాణాల విషయంలో జాగ్రత్త. బ్రిటన్ వీసాతో పారిస్ వెళ్లలేరు, షెంగెన్ వీసాతో లండన్ వెళ్లలేరు. డబ్లిన్‌లో ఉంటున్నవాళ్లు కూడా ఐర్లాండ్ ఈయూలో ఉంది కదా అనుకుని ఐరిష్ పర్మిట్‌తో బెర్లిన్ టికెట్ కొనకండి. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, భారత పాస్‌పోర్టు ఉంటే విడిగా వీసా కావాలి. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవారు షెంగెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతి ప్రకారం సరిహద్దులో వాళ్ల వేలిముద్రలు, ఫొటో కూడా తీసుకుంటారు.